అంబలిపేటను పటంలో రాసినప్పుడు

నేను ముప్పై రెండో ఏట రిటైరయ్యాను. అనారోగ్యం కాదు, వైరాగ్యం అంతకన్నా కాదు. ఊళ్లన్నీ మళ్లీ కొలిచే పనికి కాంట్రాక్టు మీద సర్వేయరుగా తీసుకున్నారు. ఆరేళ్లకి కొలవడం అయిపోయింది, నేనూ అయిపోయాను. ఆఖరి రోజు ఆఫీసులో శాలువా కప్పారు. అదే వారం మా సారు నిజంగా అరవై రెండేళ్లు నిండి రిటైరయ్యారు. శాలువాలు రెండు కొంటే తగ్గింపు ఇచ్చారని, అందుకే నాకూ ఒకటి వచ్చిందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు శ్రీకాకుళంలో ఇళ్ల ప్లాన్లు గీసుకుంటున్నాను. మొన్న మా వీధిలో ఒకమ్మాయికి సర్వేయరు ఉద్యోగం వచ్చింది. స్వీటు పెట్టి, "అన్నయ్యా, పని ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఎండగా ఉంటుందన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు నిలబడి, స్వీటు డబ్బా మూత పెట్టేసుకుని వెళ్లిపోయింది. ఆ పిల్లకి బాకీ ఉన్న జవాబు ఇది.

ప్రమోషన్ల గురించి నేను చెప్పలేను, నాకు రాలేదు. ఫైళ్ల గురించి చెప్పను, నువ్వే చూస్తావు. మూడు తప్పులు, ఒక సారు, ఒక ముసలమ్మ, సముద్రం పక్కన నలభై రెండు ఇళ్ల పేట. నా సర్వీసులో చెప్పుకోదగ్గది అంతే.

ఖాళీగా వదిలిన చోటు

ఈ పనిలో నువ్వు కొలిచేది నేల అనుకుంటావు. నేను కూడా మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. చేతిలో రోవరు ఉంటుంది. నిలువెత్తు కర్ర, పైన పుట్టగొడుగులాంటి టోపీ, అది ఆకాశంలోని ఉపగ్రహాలతో మాట్లాడి నువ్వెక్కడ నిలబడ్డావో వేలెడు తేడా లేకుండా చెబుతుంది. ఎందుకు నిలబడ్డావో మాత్రం చెప్పదు.

కోటబొమ్మాళి వైపు ఒక శివారు పేటకి ఊడ్పుల రోజుల్లో వెళ్లాను. తొమ్మిది ఇళ్లు, తొమ్మిదింటికీ తాళాలు. జనమంతా పొలాల్లో ఉన్నారు. పేట పేరు అడగడానికి ఒక మేక తప్ప ఎవరూ లేరు. తర్వాత రాద్దామని పటంలో ఆ గడి ఖాళీగా వదిలాను. తర్వాత మరిచిపోయాను.

నెలకి చిత్తు పటం తెచ్చి పంచాయతీ గోడకి అంటించాం. ఒక పెద్దాయన కండువాతో చేతులు తుడుచుకుని, వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. రోడ్డు పట్టుకున్నాడు, కాలువ పట్టుకున్నాడు, తన ఇంటి ముందున్న కరెంటు స్తంభాన్ని కూడా పట్టుకున్నాడు. పేట పేరు దొరకలేదు. నా వైపు తిరిగి, కోపం ఏమీ లేకుండా అడిగాడు.

"స్తంభం ఉన్నాది బావూ. మేం నేమేటి?"

పటంలో లేనివాళ్లని ఎక్కించి సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఆయన పక్కనే నిలబడి నా పెన్సిలు కేసి చూశాడు. మళ్లీ మరిచిపోతానేమో అని కాబోలు. ఆ రోజు నుంచి నేను ముందు పేరు అడిగి తర్వాత కర్ర పాతేవాణ్ణి. నీకూ అదే చెబుతున్నాను.

లోటా వద్దన్న పాపం

అంబలిపేట నౌపడ అవతల ఉంటుంది. ఉప్పుమళ్లు దాటి, సరుగుడు తోటల మధ్య ఇసుక దారిలో బండి నడిపితే వస్తుంది. నడపడం అంటే దాదాపు మోసుకెళ్లడమే. కొందరికి వేట, కొందరికి జీడితోటలు, కొబ్బరి. రోహిణి కార్తె ఎండలో నాకు ఆ పేట పడింది.

పేట మొదట్లో, ఇసుక దిబ్బ మీద సూరమ్మ ఇల్లు. డెబ్భై దాటిన మనిషి. అరుగు మీద మట్టికుండ, దాని మీద సత్తు మూత, మూత మీద లోటా. నేను బండి దిగీ దిగగానే కుండలోంచి లోటా నింపి, ఏమీ అడగకుండా నా ముందుకి చాపింది. సోళ్ల అంబలి. రాగి పిండి కాచి, రాత్రంతా పులియబెట్టి, ఉప్పూ మజ్జిగా కలిపినది. నేను నౌపడలో టీ తాగి వచ్చాను, పైగా బయటి నీళ్ల గురించి ఫోనులో అప్పుడే ఏదో చదివి ఉన్నాను. వద్దమ్మా, ఇప్పుడే టీ అయింది అన్నాను. ఆవిడ లోటా తిరిగి కుండలో ఒంపి మూత పెట్టింది.

తర్వాత మూడు రోజులు ఆ పేటలో ఎవరికీ తమ హద్దు ఎక్కడుందో తెలియలేదు.

మర్యాదకి లోటు లేదు. నీడలో కూర్చోమన్నారు, కొబ్బరిబొండం ఇస్తామన్నారు. హద్దురాయి అడిగితే మాత్రం, ఇక్కడెక్కడో ఉండాలి బావూ అనేవారు. నలభై ఏళ్లుగా ఆ తోటలోనే ఉంటున్న ఒకాయన అయితే, రాయి ఎక్కడుందో తనకి బొత్తిగా తెలియదని నాకు చాలాసేపు వివరించాడు. ఆ సేపంతా ఆయన ఆ రాయి మీదే నిలబడి ఉన్నాడని నాకు నాలుగో రోజు తెలిసింది.

దీని వెనక పెద్ద కుట్ర ఉందని నమ్మాను. 'గ్రామస్థులు సంఘటితంగా సహకార నిరాకరణ చేస్తున్నారు' అని ఆఫీసుకి రిపోర్టు రాశాను. ఆ వాక్యం చూసుకుని కొంచెం గర్వపడ్డాను కూడా.

నాలుగో రోజు పొద్దున్నే మా సారు అప్పలస్వామి గారు స్కూటరు మీద వచ్చారు. గొలుసుతో నేల కొలిచిన కాలం మనిషి. రోవరుని ఎప్పుడూ నమ్మలేదు, దాన్ని 'గొడుగు' అనేవారు. రాగానే సూరమ్మ అరుగు మీద కూర్చుని రెండు లోటాలు తాగి, నంజుకోవడానికి ఉల్లిపాయ అడిగి, అది తిని, అప్పుడు తను ఎవరో చెప్పుకున్నారు. పదకొండు గంటలయ్యేసరికి పదహారు రాళ్లు దొరికాయి. తోటలో ఆయన కూడా రెండడుగులు పక్కకి జరిగి, అరే, ఇక్కడే ఉన్నాదే అన్నాడు.

మధ్యాహ్నం సరుగుడు నీడలో సారు నా రిపోర్టు తీసి రెండుసార్లు చదివారు. నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"ఒరే చంటీ, ఇక్కడ ముందు తాగాల. తాగినాక నువ్వెవులబ్బాయివని ఆళ్లు అడుగుతారు. ఆళ్లు అడిగినాక నువ్వు అడగొచ్చు. నువ్వు తాగనేదు గనక నీకింకా ఈ ఊళ్లో పేరు నేదు. పేరు నేనోడికి రాయి ఎవుడు సూపిస్తాడు?"

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. కొత్తవాళ్లకి లోటా చేతికి అందిస్తారు. పేటవాళ్లు మాత్రం తమంతట తామే పోసుకుంటారు. నువ్వెంత పెద్ద ఆఫీసరువైనా చేతికి అందించారంటే బయటివాడివే.

మర్నాడు వెళ్లి తాగాను. పుల్లగా, చల్లగా, ఆ ఎండకి సరిగ్గా సరిపోయేలా ఉంది. ఫోనులో చదివింది నేను తాగుతున్నంతసేపూ గుర్తుంది, తాగాక పోయింది. సూరమ్మ ఖాళీ లోటా అందుకుని, మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు సెప్పు. ఎవులబ్బాయివి?"

చెప్పాను. మా తాతది ఏ ఊరో కూడా చెప్పించుకుంది. నా ఉద్యోగం నిజానికి ఆ పూట మొదలైంది. అపాయింట్‌మెంట్ ఆర్డరులో తేదీ వేరేగా ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు.

సాగర్ నగర్

కొలతలు సాగుతుండగా అసలు తగాదా వచ్చింది. కొత్త పటంలో శివారు పేటల పేర్లు కూడా ఎక్కించాలి. అందుకు పేట జనాన్ని కూర్చోబెట్టి, ఏ పేరు రాయాలో అడిగి, సంతకాలు తీసుకోవాలి. అంబలిపేటకి అంబలిపేట అనే కదా రాస్తాం, ఇందులో అడగడానికేముంది అనుకున్నాను. అప్పటికి గోపి ఊళ్లోకి వచ్చి రెండు రోజులైంది.

గోపి సూరమ్మ మనవడు, ఇరవై ఏడేళ్లు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే ఆవిడే పెంచింది. పేటలో కుర్రాళ్లందరిలాగే ఆగస్టులో గుజరాత్ వెళ్లి బోట్ల మీద పనిచేసి, వానాకాలం ముందు తిరిగొస్తాడు. నెమ్మదైన మనిషి. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నెమ్మది లేదు. బోటు మీద మిగతా ఊళ్లవాళ్లు అతన్ని పేరు పెట్టి పిలవరు, అంబలీ అని పిలుస్తారు. అది ఎలాగో ఓర్చుకున్నాడు. ఆ వేసవిలో కోటబొమ్మాళి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల ఫోటో అతనికి నచ్చింది. ఆ ఫోటో నాకు మూడుసార్లు చూపించాడు, అందులో రెండుసార్లు నేను అడగలేదు. గోపి రాకముందే పిల్ల మేనమామ ఇల్లు చూడటానికి వచ్చి, పేట పేరు విని, అంబలిపేటంటే ఇక్కడ అన్నం వండుకోరా అని అడిగి, నవ్వి, వెళ్లాడు. మళ్లీ కబురు లేదు.

పేరు మార్చి సాగర్ నగర్ అని రాయమన్నాడు గోపి. నలభై రెండు ఇళ్లలో ముప్పై ఒక్క ఇంటివాళ్ల సంతకాలు పట్టుకొచ్చాడు. సముద్రం పక్కన ఊరికి సాగర్ నగర్ అని పెట్టడం మనిషికి మనిషి అని పేరు పెట్టినట్టుంటుంది అన్నాను. అతను నవ్వలేదు.

"మీది శ్రీకాకుళం అన్నయ్యా. మీ ఊరి పేరు సెప్పుకుంటే మిమ్మల్ని ఎవులూ ఎగాదిగా సూడరు."

జోకులు వేసేవాడికి ఇలాంటి జవాబులు వచ్చినప్పుడు పెన్సిలు చెక్కుకోవడం మంచిది. చెక్కుకున్నాను.

పాత పేరే ఉండాలనే పక్షానికి పెద్ద, దాసు గారు. రామమందిరంలో పూజ, సాయంత్రం భజన ఆయనవే. గొంతు బావుంటుంది, ఆధారాలు బావుండవు. పూర్వం ఒక మహారాజు తీర్థయాత్రకి పోతూ ఇక్కడ ఆగి, అంబలి తాగి, మెచ్చి, ఈ నేలంతా రాసిచ్చాడని చెప్పారు. ఏ మహారాజు అని అడిగాను. పెద్ద మహారాజే అన్నారు. శాసనం ఏమైందంటే తాటాకు మీద రాశారని, చెదలు తిన్నాయని అన్నారు. మరి మహారాజు ఈ ఇసుకలోకి ఎందుకొచ్చారంటే దారి తప్పారట. ఆరేళ్లలో మా జిల్లా తీరమంతా తిరిగాను. దారి తప్పిన మహారాజు రాని పేట ఒక్కటీ నాకు తగల్లేదు. పూర్వం రాజులకి దారి చూపించడానికి ఒక సర్వేయరైనా ఉండాల్సింది.

రాజుగారి కథ నమ్మనివాళ్లకి రెండో కథ ఉంది. కరువు రోజుల్లో నీలమ్మ అనే ఇల్లాలు ఒక్క కుండతో వెయ్యి మందికి అంబలి పోసిందని, కుండ తరగలేదని. ఈ నీలమ్మ సూరమ్మ అత్తగారికి అత్తగారు. అంబలి కుండ ఆ ఇంటి కోడళ్ల చేతుల మీదుగా వచ్చిందే, సూరమ్మ అరుగు మీద కుండ దాని వారసురాలే. నేను ఆ కుండని చూశాను. వృత్తిరీత్యా అంచనా వేశాను. ఎనిమిది లోటాలు పడుతుంది.

ఇంత గొడవ జరుగుతున్నా సూరమ్మ మాత్రం ఏమీ అనలేదు. నువ్వేమంటావని అడిగితే, నాకు సదువు రాదు గదా, పటంలో ఏటి రాస్తే నాకేటి అంది. కానీ ఆ రోజుల్లో లోటా అందించాక నా ముఖంలోకి చూడటం మానేసి, నా చేతిలో పటాల గొట్టం కేసి చూసేది.

కుండ ఎవరి కోసం

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి రోవరుకి ఉపగ్రహాలు సరిగ్గా అందలేదు. చేసేదేం లేక అరుగు మీద కూర్చున్నాను. సూరమ్మ సోళ్లు చెరుగుతోంది. ఊరికే మాట కలిపాను. నీలమ్మ నిజంగా వెయ్యి మందికి పోసిందా అని అడిగాను.

"వెయ్యా? వెయ్యి మందిని ఆవిడ బతుకులో సూసుంటే కదా." చేట కింద పెట్టింది. "దానమూ కాదు, దరమమూ కాదు బావూ. ఆవిడ పెనిమిటి పెళ్లయిన మూడో ఏడు రంగం ఎల్లిపోనాడు, ఓడెక్కి. అప్పుడిక్కడ పేట నేదు, ఈ దిబ్బ మీద ఒక్కటే పాక, సంకలో మాటలింకా రాని గుంటడు. పగలంతా గాలి, సముద్రం. మాటాడ్డానికి పిట్టయినా నేదు. పొద్దున్నా సాయంత్రం ఉప్పుమళ్లకి ఎల్లేవోళ్లు మాత్రం ఈ దారంట పోయీవోళ్లు. ఊరికే పిలిస్తే ఎవులాగుతారు? అంబలి ఉన్నాది రా అంటే ఆగుతారు. తాగినంతసేపు కూకుంటారు. కూకుంటే మాటాడతారు."

"మీకెవరు చెప్పారు?"

"మా అత్త. ఆవిడకి నీలమ్మే సెప్పింది. నువ్వెవులబ్బాయివని అడిగీది కూడా అందుకే. తాగీసి ఎల్లిపోకుండా, ఇంకొంచెంసేపు ఉంటారని."

తాగేవాళ్లలో ఒకడు ఆ దిబ్బ పక్కన పాక వేసుకున్నాడట. తర్వాత ఇంకొకడు. ఎక్కడుంటారంటే, అంబలి పోసేదాని దగ్గర అని చెప్పుకునేవారట. అలా పేట అయింది, పేరూ అయింది. రంగం, అంటే రంగూన్, వెళ్లినాయన రాలేదు.

ఇలాంటిచోట నాకు జోకు తడుతుంది, ఆ రోజు తట్టలేదు. సూరమ్మ మళ్లీ చేట అందుకుంటూ, దాసు గారికి ఈ మాట చెప్పొద్దంది. ఆయన రాజుని తెచ్చుకున్నాడు, ఉండనీ అంది. ఇంకో మాట కూడా చేర్చింది.

"మా గుంటడికీ సెప్పకు. ఆడు ఆగస్టులో ఎల్లాల. మనసు ఎనక్కి పీకితే పనికెలాగెల్తాడు?"

సరేనన్నాను. మబ్బు తొలిగింది. ఉపగ్రహాలు వచ్చాయి.

సభ

ఆదివారం పొద్దున రామమందిరం ముందు చాపలు వేశారు. అప్పలస్వామి సారు మధ్యలో, కాగితాలతో నేను పక్కన. సూరమ్మ వెనకగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. దాసు గారు మహారాజుని తీసుకొచ్చారు. ఈసారి ఆయనకి ఏనుగు కూడా ఉంది. కుర్రాళ్లు నవ్వారు. గోపి నవ్వలేదు. లేచి నిలబడి, బాగా ఆలోచించుకున్నట్టు చెప్పాడు. ఎప్పుడో ఎవరికో అన్నం లేనప్పుడు పోసిన అంబలిని మనం తరతరాలు మొయ్యాలా అన్నాడు. మాకు ఆకలి పేరు వద్దు, రేపు మా పిల్లలు ఈ పేరు చెప్పుకోవడానికి తల దించుకోకూడదు అన్నాడు.

అందులో తప్పేమీ లేదు. సారు నా వైపు చూశారు. రాసుకో అన్నట్టు. పెన్ను మూత తీశాను. నా కంటికి సూరమ్మ కనపడింది. ఆవిడ నా కాగితం కేసి చూస్తోంది, కోటబొమ్మాళి పెద్దాయన నా పెన్సిలు కేసి చూసినట్టే.

"అది ఆకలి పేరు కాదు గోపీ. నీలమ్మకి తిండి ఉంది. మాట్లాడటానికి మనిషి లేడు," అన్నాను.

అనకూడదని తెలుసు. నోరు నాది, ముందు నుంచీ నా మాట వినదు. అనేశాక మిగతాది కూడా చెప్పాల్సి వచ్చింది. రంగం వెళ్లిన మనిషి గురించి, ఉప్పుమళ్ల దారి గురించి, ఇంకొంచెంసేపు కూర్చోబెట్టడానికి అడిగే ప్రశ్న గురించి. నేను చెబుతున్నంతసేపూ సూరమ్మ నన్ను చూసింది. లోటా వద్దన్న రోజు కుండ మీద మూత పెట్టినప్పటి ముఖమే.

గోపి నా మాట పూర్తిగా విన్నాడో లేదో తెలియదు. స్తంభం వైపు తిరిగాడు.

"అవ్వా. నాను ఎల్లినాక ఇంట్లో నువ్వొక్కదానివే గదా. కుండెడు ఎవులికి కాస్తన్నావు?"

"ఎవులొస్తే ఆళ్లకి."

"ఎవులూ రాకపోతే?"

సూరమ్మ కొంగు సర్దుకుంది.

"వస్తార్రా," అంది. "ఎండున్నాది గదా."

గోపి సంతకాల కాగితం చింపేస్తాడని అందరం ఎదురుచూశాం. సినిమాలు చూసిన అలవాటు. అతను చింపలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దాని వెనక వైపు ఖాళీగా ఉండటంతో ఆ సాయంత్రమే క్యారమ్స్ పోటీ జట్ల పేర్లు రాశారు. సభలో మాత్రం, కాగితం మడిచాక, అతను నా దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి, ఉన్నదే రాసీ అన్నయ్యా అన్నాడు. రాశాను. పైకి మూడుసార్లు చదివాను. దాసు గారు మహారాజు గురించి కూడా ఒక ముక్క రాయమన్నారు. పటంలో చోటు లేదన్నాను.

తప్పు తప్పే

ఇక్కడ నువ్వు ఒక పొరపాటు పడే ప్రమాదం ఉంది చెల్లీ. పేరు నిలిచింది కాబట్టి నేను చేసింది మంచి పనే అనుకోవచ్చు. కాదు. ఆవిడ నన్ను నమ్మి చెప్పిన మాటని చాపల మీద పరిచాను. మనవడి మనసు వెనక్కి లాగకూడదనే ఆవిడ అన్నేళ్లు దాచుకుంది. దాన్ని నేను నిమిషంలో ఖర్చుపెట్టేశాను. తిరిగి వస్తూ సారు ఉప్పుమళ్ల దగ్గర స్కూటరు ఆపి ఒక్క ముక్క అన్నారు.

"మన పని కొలవడంరా. తవ్వడం కాదు."

నాకు తెలిసిన సర్వే పాఠాలన్నింటిలోకీ అదే పెద్దది. జనం నీకు హద్దులు చెబుతూ చెబుతూ ఇంకేవో చెబుతారు. అన్నదమ్ములెందుకు విడిపోయారో, ఆ బావి ఎవరి పేరున తవ్వారో, ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో. నీ పుస్తకంలో వాటికి గడి ఉండదు. గడి లేనిది నీది కాదు.

మర్నాడు క్షమాపణ అడగడానికి వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. సూరమ్మ నన్ను చూసి, కుండ మూత తీసి, లోటా నింపి, చేతికి అందించింది. తాగాను. ఖాళీ లోటా అందుకుని, ఏమీ తెలియనట్టు నా ముఖంలోకి చూసింది.

"ఎవులబ్బాయివి?"

అన్ని రోజులు రోజూ వచ్చి కూర్చున్నవాణ్ణి. మా తాతది ఏ ఊరో కూడా తెలుసు ఆవిడకి. నన్ను మళ్లీ మొదటి రోజుకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఇంతకన్నా సరైన శిక్ష ఏ ఆఫీసూ వేయలేదు. చెప్పాను. నా పేరు, మా నాన్న పేరు, ఊరు. ఆవిడ తలాడించి చేట అందుకుంది. కొలతలు అయిపోయేదాకా వెళ్లిన ప్రతిసారీ అంతే. లోటా, ప్రశ్న, జవాబు.

పటం

గోపికి ఆ సంబంధం కుదరలేదు. పేరు వల్ల కూడా కాదు, ఆ మేనమామకి అప్పటికే వేరే అబ్బాయి మీద మనసుందని తర్వాత తెలిసింది. గోపి ఆగస్టులో వెళ్లాడు. సూరమ్మ భయపడ్డట్టు మనసు వెనక్కి పీకే ఉంటుంది, కానీ పని మానలేదు. వెళ్లేముందు ఆవిడకి ఒక ఫోను కొనిచ్చాడు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం దాన్ని కుండకి ఆనించి పెట్టుకుని మాట్లాడుతుంది. అతనికి తెర నిండా తాటాకు కప్పే కనిపిస్తుందట. అయినా అరగంట చూస్తాడట.

రిటైరయ్యాక పోయిన నెల నౌపడ వైపు ఒక ఇంటి ప్లాను పని పడింది. అచ్చయిన పటం నకలు ఒకటి గొట్టంలో పెట్టుకుని అంబలిపేట వెళ్లాను. ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు, రోవరు లేదు, ఎవరినీ ఏమీ అడిగే హక్కు లేదు. సూరమ్మ అరుగు మీదే ఉంది. పటం విప్పి పరిచి, పేరున్న చోట ఆవిడ వేలు పట్టుకుని పెట్టించాను.

"ఇంతేనేటి?"

"ఇంతే."

"మరి ఈ పక్కన ఇంత నీలంగా ఉన్నాది, ఇదేటి?"

"సముద్రం."

"దానికి అంతెందుకు," అంది.

కానీ వేలు తీయలేదు. అచ్చు అక్షరాల మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరిపింది. చదువు రాదు కదా, ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఒకటే. కాసేపటికి పటం చుట్టి, లోపలికి వెళ్లి దూలం సందులో దోపి వచ్చింది. ఎండ బాగా ఉంది. నేను అరుగు మీద కూర్చుని, లోటా కోసమూ, ప్రశ్న కోసమూ సిద్ధంగా ఉన్నాను. నాన్న పేరు, తాత ఊరు నాలుక చివరే ఉన్నాయి.

సూరమ్మ చేట ఒళ్లో పెట్టుకుని సోళ్లు చెరగడం మొదలుపెట్టింది. నేను అలాగే కూర్చుని ఉండటం చూసి, చెయ్యి ఆపకుండా, విసుగ్గా అంది.

"ఏటలా సూస్తావు? కుండ ఎక్కడుంటాదో తెల్దేటి? ఎల్లి పోసుకో."